మాపటేళ బస్సు సంగతి ముందు చూసుకోండి: రాకపోకల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

"పని చేసే ఊరికి రోజూ ఎట్లా వెళ్ళొస్తున్నారు, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు?" అని పోయిన సంచికలో అడిగాం. కందుకూరు, పొదిలి, కావలి, బుచ్చిరెడ్డిపాళెం, ఆత్మకూరు, కనిగిరి వైపు నుంచి బోలెడన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. ఒకే మాదిరి ప్రశ్నల్ని కలిపేశాను. పేరు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

అన్నీ చదివాక నాకు అనిపించింది ఒకటుంది. దాదాపు అందరూ పొద్దున టైముకి చేరుకోవడం ఎట్లా అనే అడిగారు, ఇంటికి తిరిగొచ్చే సంగతి ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. చిన్న ఊళ్ళో కాపురం ఉంటూ పెద్ద ఊళ్ళో పని చేసేవాళ్ళు ఉద్యోగం మానేస్తున్నారంటే ఎక్కువసార్లు కారణం రాత్రి ఏడు దాటాక దొరకని బస్సే. అందుకని నా జవాబులు కొంచెం అటువైపే మొగ్గుతాయి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, మాది కందుకూరు. ఒంగోల్లో ఒక ప్రైవేట్ ఆఫీసులో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది, జీతం 16 వేలు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడు దాకా పని. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీయే కదా, రోజూ వెళ్ళిరా అంటున్నారు ఇంట్లో. సింగరాయకొండ వెళ్ళి రైలెక్కితే త్వరగా చేరతావని ఇంకొకరు. నాకేమో హాస్టలే మేలేమో అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

చెల్లెమ్మా, ముందు రైలు సంగతి తేల్చేద్దాం. కందుకూరికి రైలు లేదు, సింగరాయకొండ స్టేషన్‌కి పోవాలంటే పద్నాలుగు కిలోమీటర్ల దాకా ఆటోలోనో బస్సులోనో వెళ్ళాలి, అక్కడ రైలు కోసం కూర్చోవాలి, తీరా ఎక్కితే ఒంగోలు అరగంట ప్రయాణం. ఒంగోల్లో దిగాక మళ్ళీ ఆటో. రైలు ఒక్కరోజు ముప్పావుగంట లేటయిందంటే ఆఫీసులో మాట పడాలి. నెల్లూరికో విజయవాడకో పోయేవాళ్ళకి సింగరాయకొండలో రైలెక్కడం లాభమే గానీ ఒంగోలుకి మటుకు బస్సే దారి.

బస్సులో అయితే సుమారు 45 కిలోమీటర్లు. సింగరాయకొండ దగ్గర హైవే ఎక్కి టంగుటూరు టోల్‌గేటు మీదుగా పోతుంది కాబట్టి రోడ్డు బాగానే ఉంటుంది, గంటా పావు, ఆగుతూ పోయే బస్సయితే గంటన్నర. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి రెండు గంటలు వేసుకోండి. అంటే ఏడున్నరకల్లా ఇంట్లోంచి బయటపడాలి. ఇది కష్టమే గానీ చాలామంది చేస్తున్నదే.

అసలు లెక్క సాయంత్రానిది. మీకు ఏడింటికి పని అయిపోతుందంటే కంప్యూటర్ ఆపి, ఆటో పట్టుకుని, ఒంగోలు బస్టాండుకి చేరేసరికి ఏడున్నర. ఉద్యోగానికి ఒప్పుకోకముందే ఒకరోజు సాయంత్రం ఏడింటికి ఆ బస్టాండుకి వెళ్ళి కందుకూరు బస్సులు ఆగే ప్లాట్‌ఫారం దగ్గర నిలబడండి, మీ నాన్ననో అన్ననో తోడు తీసుకెళ్ళండి. బోర్డు మీద రాసిన టైములు చూసి వచ్చేయొద్దు, కంట్రోలర్‌ని అడగండి, ఏడున్నర తర్వాత నిజంగా ఎన్ని బస్సులు బయల్దేరుతున్నాయో కళ్ళారా చూడండి. మీరు బస్టాండుకి చేరే టైము తర్వాత కనీసం రెండు బస్సులన్నా ఉంటేనే రోజూ తిరిగే ఆలోచన పెట్టుకోండి. ఆఖరి బస్సే మీ రోజువారీ బస్సు కాకూడదు. మార్చి నెలాఖర్లో అకౌంట్స్ వాళ్ళకి ఏడు అనేది ఎనిమిది అవుతుంది, ఆ రోజు ఏం చేస్తారు?

బస్సు తప్పిన రోజు నెల్లూరు పోయే ఎక్స్‌ప్రెస్ ఏదైనా ఎక్కి సింగరాయకొండ దగ్గర హైవే మీద దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో కందుకూరు వస్తామని కొందరు రాశారు. పగటిపూట అది బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకి హైవే పక్కన ఒంటరిగా దిగడం మాత్రం ఇంట్లోవాళ్ళు బండి వేసుకుని ముందే వచ్చి ఉంటేనే.

ఇక ఫ్రీ బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ కూడా ఉన్నాయి గానీ మనవైపు పనికొచ్చేవి మొదటి మూడే. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ రేషన్ కార్డు గానీ దగ్గరుండాలి, కండక్టర్ ఇచ్చే సున్నా టికెట్ తప్పకుండా తీసుకోవాలి. నాన్‌స్టాప్‌లోనూ సూపర్ లగ్జరీలోనూ ఇది చెల్లదు, తొందరలో ఎక్కేసి తర్వాత గొడవపడకండి. మీ 16 వేల జీతంలో బస్సు ఖర్చు మిగలడం చిన్న విషయం కాదు, నిజమే. కాకపోతే ఇంట్లో వాళ్ళు డబ్బు ఒక్కటే చూస్తున్నారు. రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీద, అందులో సగం నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ వంటింట్లో సాయం అంటే ఆర్నెల్లకి ఒంట్లో ఓపిక ఉండదు.

నా మాట అడిగితే ముందు ఆఫీసు వాళ్ళతో మాట్లాడండి. తొమ్మిదికి వచ్చి ఆరున్నరకి వెళ్తానని అడగండి, చిన్న ఆఫీసుల్లో ఈమాత్రం సర్దుబాటు చేస్తారు. ఒప్పుకుంటే రోజూ తిరగండి. ఒప్పుకోకపోతే మొదటి మూడు నెలలు హాస్టల్లో ఉండి, శనివారం రాత్రి ఇంటికి రండి. ఆ మూడు నెలల్లో మీ పని వాళ్ళకి నచ్చితే టైము మార్చమని అడిగే ధైర్యం మీకే వస్తుంది.

ప్రశ్న: మేడం, ఆడవాళ్ళకి ఫ్రీ పెట్టిన దగ్గర్నుంచి పొదిలి–ఒంగోలు బస్సుల్లో మగవాళ్ళకి సీటు దొరకడం లేదు. డబ్బులిచ్చి నిలబడి పోవాల్సి వస్తోంది. దీని గురించి కూడా రాయండి.

రాస్తాను. మీ ఇబ్బంది నిజం, రోజూ యాభై కిలోమీటర్లు నిలబడి వెళ్ళేవాళ్ళకి నడుం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అయితే ఆ సీట్లలో కూర్చున్నవాళ్ళలో ఇంతకుముందు చార్జీలకే జీతంలో మూడోవంతు పోతుందని పనే మానుకున్న ఆడవాళ్ళున్నారు. మన దగ్గరికొచ్చిన ఉత్తరాల్లోనే అట్లాంటివి ఉన్నాయి. ఎక్కే జనం పెరిగినప్పుడు బస్సులు పెరగాలి, అడగాల్సింది అది. ఎట్లా అడగాలో ఆఖరి ప్రశ్న కింద వివరంగా రాశాను, చూడండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి పోతుంది. మేస్త్రీ తెల్లారుజామున ఆటో పంపిస్తాడు. మామూలు ఆటోలోనే పన్నెండు మంది, పధ్నాలుగు మంది ఎక్కుతారు, ఒక్కోరోజు సామాన్లు తోలే ట్రక్ ఆటోలో వెనక నిలబడి పోతారు. వద్దంటే "అందరూ పోతుండారు, నాకొక్కదానికేనా" అంటుంది. ఏమన్నా జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?

అమ్మాయ్, ఈ సంచికకి వచ్చిన వాటిలో నన్ను నిద్రపోనివ్వని ఉత్తరం నీదే. కందుకూరు, కనిగిరి, టంగుటూరు, కొండపి, కలిగిరి, ఎటు చూసినా పొగాకు సీజన్లో తెల్లవారుజామున రోడ్ల మీద కనపడేది ఇదే: డ్రైవర్ సీటుకి అటొకరు ఇటొకరు, వెనక సీట్లో ఒకరి ఒళ్ళో ఒకరు, ఇంకా వెనక కాళ్ళు బయటికి వేలాడేసుకుని ముగ్గురు, పైకప్పు మీద అన్నం క్యారియర్ల సంచి. డ్రైవర్ హ్యాండిల్ తిప్పాలంటే పక్కన కూర్చున్నామె ఒంగాలి.

ఇన్సూరెన్స్ సంగతి సూటిగా చెప్తాను. సామాన్లు తోలే బండిలో ఊరికే ఎక్కి పోయే మనుషులకి ఆ బండి ఇన్సూరెన్స్ వర్తించదు. మామూలుగా బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, బండి ఓనరు మీద కేసు నడపాలి, ఆయన దగ్గర ఏముంటుంది ఇవ్వడానికి? కాబట్టి ట్రక్ ఆటో ఎక్కడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దని అమ్మకి చెప్పు. ప్యాసింజర్ ఆటో అయితే ఆర్‌సీ మీద సీటింగ్ ఎంత అని రాసి ఉంటుంది, అంతమందికే బీమా లెక్క. పద్నాలుగు మంది ఎక్కితే క్లెయిము అందరికీ తిన్నగా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, లాయర్ల చుట్టూ తిరగాల్సిందే.

కొన్ని సంగతులు గుర్తుపెట్టుకో, అమ్మకీ ఆమెతోటి వాళ్ళకీ చెప్పు. యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో (ఈ కేసులు చూసే కోర్టులో) ఆరు నెలల్లోపు కేసు వెయ్యాలి, 2022 ఏప్రిల్ నుంచి ఈ గడువు ఉంది, మేస్త్రీ "నేను చూసుకుంటాలే" అన్నాడని కూర్చుంటే గడువు దాటిపోతుంది. దెబ్బలు తగిలినవాళ్ళకి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది, ఆస్పత్రిలో ఆ మాట గట్టిగా అడగాలి. గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే చనిపోయినవాళ్ళ కుటుంబానికి 2 లక్షలు, పెద్ద దెబ్బలకి 50 వేలు వస్తాయి. అమ్మ పని చేసే చోట ఈఎస్ఐ, అంటే పనివాళ్ళ బీమా, కడుతుంటే పనికి వెళ్తూ వస్తూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగినట్టే లెక్కేస్తారు, టైమూ దారీ కుదిరితే. ఈఎస్ఐ కడుతున్నారో లేదో జీతం చీటీ ఉంటే అందులో చూడు, చీటీ లేకపోతే అడిగించు.

ఇక అమ్మ అన్నమాట. "అందరూ పోతుండారు" అన్నది నిజమే, ఆమె ఒక్కతే దిగిపోతే రేపటికి ఆమె చోట్లో ఇంకొకరు ఎక్కుతారు, పని పోతుంది. అందుకని ఒక్కరుగా అడగొద్దు. ఆ ఆటోలో పోయే ఆడవాళ్ళంతా కలిసి మేస్త్రీని రెండు ఆటోలు అడగండి, లేకపోతే ఒకే ఆటోని రెండు ట్రిప్పులు తిప్పమనండి, రెండో ట్రిప్పు వాళ్ళు అరగంట ఆలస్యంగా వచ్చి అరగంట ఆలస్యంగా పోతారు. సీజన్లో పనివాళ్ళు దొరక్క మేస్త్రీలే ఇళ్ళ చుట్టూ తిరుగుతుంటారు. అడగడానికి అదే అదును. సీజన్ అయిపోయాక అడిగితే వినేవాడుండడు.

ప్రశ్న: నేను పొదిలి దగ్గర పల్లె నుంచి చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీకి బండి మీద పోతాను. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నా ఫ్రెండ్ కూడా వెనక కూర్చుంటాడు, పెట్రోలు సగం ఇస్తాడు. ఇద్దరం కలిసి పోతే ఎంత మిగులుతుంది, ఇందులో ఏమన్నా సమస్య ఉందా?

తమ్ముడూ, ముందు లెక్క. పోను రాను 60 కిలోమీటర్లు అనుకుంటే, లీటరుకి 50 ఇచ్చే బండికి రోజుకి లీటరుంబావు లోపే, పెట్రోలు 110 దగ్గర వేసుకుంటే 130 రూపాయల చిల్లర. నెలకి పాతిక రోజులకి 3,300. సగం సగం అంటే మనిషికి 1,650. బాగానే ఉంది. కాకపోతే బండి నీది, టైర్లు, చైను, సర్వీసింగ్ నీ మీదే పడుతున్నాయి. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగే బండికి ఆ ఖర్చు తక్కువేం కాదు, ఫ్రెండుతో మొహమాటపడకుండా నెలకి ఇంకో రెండు మూడొందలు వెయ్యమను. స్నేహం చెడేది ఇట్లాంటి చెప్పుకోని లెక్కల దగ్గరే.

సమస్య ఇన్సూరెన్స్‌లో ఉంది. నీ బండికి థర్డ్ పార్టీ పాలసీ, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి ఇచ్చేది, ఒక్కటే ఉంటే వెనక కూర్చున్న నీ ఫ్రెండుకి అది వర్తించదు. చాలామందికి ఈ సంగతి తెలియదు, కాగితం ఉంది కదా అనుకుంటారు. ప్యాకేజీ పాలసీ, అంటే కాంప్రహెన్సివ్ తీసుకుంటే వెనకవాళ్ళకి కూడా ఉంటుంది. ఏడాదికి కొంచెం ఎక్కువ అవుతుంది, దాన్ని కూడా ఇద్దరూ పంచుకోండి. నీకు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందో లేదో పాలసీ కాగితంలో చూసుకో. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, చట్టం ఇద్దరికీ అంటుంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

రాత్రి షిఫ్ట్ గురించి ఒక మాట. ఆ కర్నూలు రోడ్డు మీద గ్రానైట్ దిమ్మెలు వేసుకుపోయే లారీలు నిదానంగా పోతుంటాయి, కొన్నింటికి వెనక లైటు దుమ్ము పట్టి కనపడదు, కొన్ని రోడ్డు పక్కన ఆపేసి ఉంటాయి. ఎదురుగా వచ్చే బండి లైటు కళ్ళల్లో పడ్డప్పుడు ఆగి ఉన్న లారీ కనపడదు. డిమ్ చేసి, వేగం సగానికి తగ్గించు, కళ్ళు మసకబారిన ఆ రెండు మూడు సెకన్లలోనే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. రాత్రి షిఫ్ట్ దిగాక తెల్లారుజామున వచ్చేటప్పుడు ఇంకా భయం, నిద్ర ముంచుకొస్తుంది. దిగగానే బయల్దేరకుండా ఫ్యాక్టరీ దగ్గరే మొహం కడుక్కుని, టీ తాగి, వెలుగొచ్చాక బయల్దేరండి. వెనకవాడు నిద్రపోతే ఆపి లేపు, పక్కకి ఒరిగి ఇద్దరూ పడతారు.

ప్రశ్న: మేడం గారూ, మేము నలుగురు టీచర్లం, నెల్లూరు నుంచి ఆత్మకూరు దాటి ఒక పల్లెలోని స్కూలుకి నా కారులో వెళ్తాం. తొమ్మిదింటికల్లా ఫేస్ అటెండెన్స్ పడాలి. పెట్రోలు లెక్కల దగ్గర ఈమధ్య మాటా మాటా వస్తోంది. పద్ధతి ఏదన్నా చెప్పండి.

మాస్టారూ, మీ రూటు పోను రాను 130 కిలోమీటర్లన్నారు. కారు లీటరుకి 18 ఇస్తే రోజుకి ఏడు లీటర్ల పైన, ఎనిమిది వందల దాకా. నలుగురికీ సమానంగా పంచితే మనిషికి రెండొందలు. మీరు చేస్తున్నదీ అదే అనుకుంటా, గొడవ వస్తున్నదీ అక్కడే. కారు అరగడం, డ్రైవింగ్ అంతా మీది, పైగా పెట్రోలులో కూడా మీరు సమానంగా ఇస్తున్నారు. ఎక్కువమంది పాటించే పద్ధతి ఏంటంటే పెట్రోలు మొత్తం మిగతా ముగ్గురూ పెట్టుకుంటారు, కారు ఆయన ఏమీ పెట్టడు. అప్పుడు మనిషికి 265 దాకా అవుతుంది. లేదూ అంటే నాలుగు కార్లు వారానికొకటి తీయండి, డబ్బు మాటే రాదు, కానీ నలుగురికీ కార్లుండాలి.

సెలవు పెట్టిన రోజు సంగతి ముందే రాసుకోండి. రానివాళ్ళు ఇవ్వక్కర్లేదంటే ఉన్నవాళ్ళ మీద భారం పడుతుంది, ఇవ్వాలంటే వాళ్ళకి కోపం వస్తుంది. ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు గ్రూపులో చెప్తే ఇవ్వక్కర్లేదు, పొద్దున చెప్తే ఇవ్వాలి, ఈ పద్ధతి మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. డాష్‌బోర్డులో చిన్న నోటుబుక్కు పెట్టండి, బంకులో కొట్టించిన బిల్లు అందులో పెట్టండి, ఎవరొచ్చారో ఆ రోజే టిక్కు పెట్టండి. నెలాఖర్లో ఫోన్‌పే చేసేటప్పుడు ఎవరూ జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

ఒక జాగ్రత్త. తోటివాళ్ళు పెట్రోలు పంచుకోవడం వేరు, ఆత్మకూరు బస్టాండు దగ్గర ఖాళీ సీటులో తలా యాభై తీసుకుని జనాన్ని ఎక్కించుకోవడం వేరు. రెండోది చెయ్యొద్దు. సొంత కారుని కిరాయికి తిప్పితే పాలసీ షరతు తప్పినట్టే, యాక్సిడెంట్ అయితే బీమా వాళ్ళు అదే పట్టుకుంటారు.

ప్రశ్న: మా పాప కావలి నుంచి నెల్లూరులో డిగ్రీ కాలేజీకి రైల్లో వెళ్తానంటోంది. నేను కూడా నెల్లూరులోనే షాపులో పనిచేస్తాను. సీజన్ టికెట్ తీసుకుంటే ఎంత కలిసొస్తుంది?

కావలి వాళ్ళకి ఉన్న సౌకర్యం రైలేనండీ, మీరు ఆలోచిస్తున్నది సరైనదే. నెల సీజన్ టికెట్ సుమారు పదిహేను సింగిల్ టికెట్ల డబ్బుకి వస్తుంది, నెలకి యాభైసార్లు ఎక్కి దిగుతారు కాబట్టి మూడోవంతు కన్నా తక్కువే పడుతుంది. మూడు నెలలది తీసుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. మీ పాపకి మరీ మంచిది: ఆడపిల్లలకి డిగ్రీ దాకా, మగపిల్లలకి ఇంటర్ దాకా ఇంటికీ కాలేజీకీ మధ్య సెకండ్ క్లాస్ సీజన్ టికెట్ ఉచితం. కాలేజీ నుంచి సర్టిఫికెట్ తెచ్చి స్టేషన్‌లో ఇవ్వాలి. కాలేజీ ఆఫీసులో కొందరికి ఈ సంగతి తెలియదు, ఓపిగ్గా రెండోసారి అడగండి.

సీజన్ టికెట్‌తో రిజర్వేషన్ పెట్టెలు ఎక్కకూడదు, జనరల్లోనే. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే దానికి వేరే సర్‌చార్జ్ కట్టాలి, కట్టకుండా ఎక్కితే టీసీ జరిమానా వేస్తాడు. బిట్రగుంట ఉద్యోగులూ పడుగుపాడు వాళ్ళూ ఎక్కే ప్యాసింజర్ల టైములు ముందు చూసుకోండి, సాయంత్రం తిరిగొచ్చే రైలు మీ షాపు మూసే టైముకి కుదరకపోతే పాప రైల్లో, మీరు బస్సులో రావాల్సి ఉంటుంది. వానాకాలానికి వేరే దారి కూడా ఆలోచించి పెట్టుకోండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగాయి, హైవే కూడా తెగింది. అట్లాంటి రోజుల కోసం నెల్లూరులో ఒక చుట్టాల ఇల్లు ముందే అనుకుని పెట్టుకోవడం నయం.

ప్రశ్న: బుచ్చి నుంచి నెల్లూరుకి రోజూ ఎలక్ట్రిక్ స్కూటర్ మీద పోవచ్చా? నమ్మకంగా చెప్పండి.

పోవచ్చు. పోను రాను 40 కిలోమీటర్లు, ఇప్పుడొచ్చే మామూలు బండ్లకి ఇది పెద్ద దూరం కాదు. కంపెనీ చెప్పిన రేంజిలో మూడోవంతు తీసేసి లెక్కేసుకోండి, అప్పుడూ సరిపోతుంది. పెట్రోలు బండికి నెలకి రెండు వేల పైన అవుతుంటే దీనికి నలభై యాభై యూనిట్ల కరెంటు. ఇంటి మీటరు స్లాబు మారితే బిల్లు ఎంత పెరుగుతుందో పాత బిల్లు పట్టుకుని చూసుకోండి, అయినా పెట్రోలు ఖర్చు దరిదాపుల్లోకి రాదు. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించండి, రేకుల షెడ్డులో ఎండకి కాగే బండిని వచ్చీరాగానే చార్జింగ్ పెట్టకండి, కాసేపు చల్లారనివ్వండి.

రోడ్డు గురించి చెప్పాలి. కోతల కాలంలో మనవైపు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, సగం రోడ్డు వడ్లు, వాటి అంచున అడ్డంగా రాళ్ళు. స్కూటర్ల చక్రాలు చిన్నవి, చీకట్లో ఆ రాయి తగిలితే ముందు చక్రం నిలవదు. ఆ నెలన్నరా పొద్దుగూకే లోపు ఇల్లు చేరండి, కుదరకపోతే బస్సులో వెళ్ళండి. రైతుకి కల్లం లేక రోడ్డెక్కాడు, ఆయన్ని తిట్టి లాభం లేదు, పంచాయతీలో కల్లాల కోసం అడగాలి.

ప్రశ్న: కనిగిరికి రైలు వస్తుందంటున్నారు. వచ్చేదాకా ఆగి ఒంగోల్లో అద్దె ఇల్లు ఖాళీ చేద్దామనుకుంటున్నా.

నడికుడి–శ్రీకాళహస్తి లైను గురించి కదా మీరంటున్నది. సుమారు 309 కిలోమీటర్ల లైను, పిడుగురాళ్ల, వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా పోతుంది. పై నుంచి ముక్కలు ముక్కలుగా పూర్తి చేసుకుంటూ వస్తున్నారు. మన మెట్ట ప్రాంతానికి ఇది ఎంతో అవసరం, నేనూ ఎదురుచూస్తున్నాను. కానీ మ్యాపు చూడండి, ఈ లైను ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది, ఒంగోలు తూర్పున ఉంది. రైలు వచ్చాక కూడా కనిగిరి నుంచి ఒంగోలుకి మీరు బస్సులోనే రావాలి. దాన్ని నమ్ముకుని ఇల్లు ఖాళీ చెయ్యకండి.

ప్రశ్న: మా ఊరి నుంచి ముప్పై మందిదాకా రోజూ ఒంగోలు పనులకి పోతాం. సాయంత్రం ఆరుంబావుకి ఆఖరి పల్లెవెలుగు. మాలో సగం మందికి పని అయ్యేదే ఆరున్నరకి. ఇంకో బస్సు వెయ్యమని అర్జీ ఇచ్చాం, ఏమీ జరగలేదు. ఏం చెయ్యాలి?

మీరు ఇంకో బస్సు అడిగారు. కొత్త బస్సు అంటే డిపో మేనేజర్‌కి బండి కావాలి, డ్రైవర్ కావాలి, కండక్టర్ కావాలి, డీజిల్ లెక్క చెప్పుకోవాలి, ఇవన్నీ ఆయన చేతిలో ఉండవు. ఉన్న బస్సుని ఆరుంబావు నుంచి ఆరూ యాభైకి జరపమని అడగండి. అది డిపోలో కూర్చుని తేల్చగలిగే పని. డ్రైవర్ డ్యూటీ గంటలు కుదురుతాయా, ఆ బండి రాత్రి మీ ఊళ్ళో ఆగుతుందా తిరిగి డిపోకి పోతుందా, ఈ రెండూ చూసి చెప్తారు. మీ ఊళ్ళో నైట్ హాల్టు ఉంటే పని ఇంకా సులువు. డ్రైవర్, కండక్టర్ పడుకోవడానికి ఫ్యాను, బాత్రూము ఉన్న గది ఇస్తామని పంచాయతీ నుంచి రాయించండి.

అర్జీ రాసేటప్పుడు "ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు" అని రాసి సంతకాలు పెట్టేయకండి, అట్లాంటివి ఆ బల్ల మీద దొంతర్లుగా ఉంటాయి. ఒక కాగితం మీద ముప్పై మంది పేర్లు, ఎక్కడ పని, ఎన్నింటికి అయిపోతుంది, ఏ స్టాపులో ఎక్కుతారు, ఇప్పుడు ఎట్లా వస్తున్నారు, ఇవి రాయండి. దారిలో ఉన్న మిగతా రెండు మూడు ఊళ్ళ వాళ్ళని కూడా కలుపుకోండి, ముప్పై మంది డెబ్భై అవుతారు. ఇప్పుడు ఆరుంబావు బస్సుకే వచ్చేవాళ్ళు కూడా ఉంటారు, స్కూలు పిల్లలో ముసలివాళ్ళో, వాళ్ళని ముందే అడగండి. వాళ్ళకి కుదరదంటే రేపు వాళ్ళు ఇంకో అర్జీ ఇస్తారు, డిపో మేనేజర్ రెండూ పక్కన పడేస్తారు.

డిపో మేనేజర్‌ని నేరుగా కలవండి, "డయల్ యువర్ డీఎం" పెట్టిన రోజు ఫోన్లో కూడా చెప్పండి. నెల దాటినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం ఇచ్చి రశీదు నంబరు తీసుకోండి. నంబరు ఉంటేనే తర్వాత వెళ్ళినప్పుడు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

టైము మారిస్తే మొదటి నెల అందరూ ఆ బస్సే ఎక్కండి. ముందు షేర్ ఆటో వచ్చినా, ఎవరో బండి మీద లిఫ్ట్ ఇస్తానన్నా ఆగి బస్సు ఎక్కండి. ఆడవాళ్ళు సున్నా టికెట్ అడిగి తీసుకోండి, ఎందుకంటే బస్సులో ఎంతమంది ఎక్కారన్నది డిపోకి తెలిసేది టికెట్ మిషన్ లెక్కలోనే. ఆ నెల బండి ఖాళీగా తిరిగిందని కాగితం మీద పడితే మళ్ళీ పాత టైముకే తీసుకెళ్ళి పెడతారు.